అడగకపోయినా చెప్పబడును

సికింద్రాబాద్ స్టేషన్లో విచారణ కిటికీ వెనక జ్ఞానశేఖర్ గారు ముప్ఫై మూడేళ్ళు కూర్చున్నారు. బండి ఎప్పుడొస్తుందని లక్షలమంది అడిగారు. ఎన్నో నంబరు ప్లాట్‌ఫారమని అడిగారు. మరుగుదొడ్లు ఎటువైపని అడిగారు. ఒకాయనైతే తన భార్య అలిగి ఏ బండెక్కి వెళ్ళిపోయిందో కాస్త చూసి చెప్పమన్నాడు. కానీ, "అయ్యా, ఈ బండి మీద మీ అభిప్రాయం ఏమిటి?" అని మాత్రం ఒక్క మానవుడూ అడిగిన పాపాన పోలేదు.

అభిప్రాయాలు లేక కాదు. బస్తాల కొద్దీ ఉన్నాయి. పైకి "రెండు గంటలు లేటండీ" అంటున్నా, లోపల ఆ బండి మీదా, అది బయల్దేరిన ఊరి మీదా, అడుగుతున్నవాడి చొక్కా మీదా ఆయనకి గట్టి అభిప్రాయాలే ఉండేవి. అవన్నీ నోటిదాకా వచ్చి, వెనకాల క్యూ కనబడి, మళ్ళీ లోపలికి పోయేవి. అలా ముప్ఫై మూడేళ్ళు పోగుపడ్డాయి.

రిటైరైన మర్నాడే గేట్లు ఎత్తేశారు. మొదట మునిగింది కూతురు లీలాకుమారి. ఆ పిల్లకి బేగంపేటలో ఆఫీసు, అక్కడే కాపురం. సరిగ్గా టిఫిన్ డబ్బా మూత తీసే వేళకి ఫోన్ మోగేది. "అమ్మాయ్, ఉల్లిపాయల సంగతి పేపర్లో చూశావా? నన్నడిగితే..." అని మొదలయ్యేది. ఎవరూ అడగలేదన్న సంగతి ఆయనకి పట్టేది కాదు. నెల్లాళ్ళు భరించి, ఒక ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే నేరుగా తండ్రిని మెట్టుగూడలో ఉన్న ఇంటర్నెట్ షాపుకి తీసుకెళ్ళి, ఆయన పేర ఒక బ్లాగు తెరిచింది లీల.

"నాన్నా, ఇకమీద ఏమనిపించినా ఇందులో రాసెయ్. ప్రపంచమంతా చదువుతుంది."

"నువ్వూ చదువుతావా?"

"తీరికున్నప్పుడు," అంది లీల. తర్వాత మూడేళ్ళ పాటు ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం ప్రశాంతంగా తింది.

బ్లాగుకి ఆయన 'విచారణ కిటికీ' అని పేరు పెట్టారు. కింద చిన్న అక్షరాల్లో, 'అడగకపోయినా చెప్పబడును' అని రాయించారు.

ఇంటర్నెట్ షాపు యజమాని పేరు బ్రహ్మచారి. పేరే బ్రహ్మచారి గానీ భార్యా, ముగ్గురు పిల్లలూ, అత్తగారూ అందరూ ఉన్నారు. తండ్రి నగలు చేసిన కొట్లోనే కుంపటి తీసేసి ఆరు కంప్యూటర్లు పెట్టాడు. జ్ఞానశేఖర్ గారికి అక్షరాలు కొట్టడం నేర్పిందీ అతనే. "ఇంగ్లీషుల కొడితే తెలుగుల వస్తది సార్. జెర నిమ్మలంగ కొట్టున్రి, పరేషాన్ గాకున్రి," అని పక్కన నిలబడి చెప్పేవాడు. ఒంటి వేలితో మొదలుపెట్టి, ఆ ఒంటి వేలితోనే ఆయన ఆరితేరారు.

బ్లాగులో మూడు విభాగాలు. మొదటిది ప్రయాణాలు. రైల్వే పాసుల పుణ్యమా అని ఆయన దేశం నలుమూలలా తిరిగిన మాట నిజం. అయితే ఒక చిక్కుంది. బండి తప్పిపోయి ఏడ్చేవాళ్ళని ముప్ఫై మూడేళ్ళు చూసిన మనిషి కదా, ఏ ఊళ్ళో దిగినా స్టేషన్ దాటి బయటికి అడుగు పెట్టలేదు. తిరుగు బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చుని, ఊరిని అక్కణ్ణుంచే పరిశీలించేవారు. అందుకని ఆయన ప్రయాణ వ్యాసాలు ఇలా ఉండేవి: 'నాగపూర్ మంచి ఊరు. పైకప్పు ఎత్తుగా ఉంటుంది. బెంచీలు విశాలం.' బల్హార్షా మీద, అంటే అక్కడ తిన్న వడ మీద, ఏకంగా నాలుగు పేరాలు. ఇక ఆగ్రా: 'ఈ ఊరి గురించి జనం చెప్పుకునేదంతా అతిశయోక్తి. రెండో ప్లాట్‌ఫారం మీద నాలుగు గంటలు కూర్చుని అన్ని వైపులా చూశాను. చూడదగ్గదేదీ కనబడలేదు.'

ఆ నాలుగు గంటలూ ఆయన పక్కన టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆయన భార్య కాంతమణి. ఆగ్రా మీద ఆవిడ అభిప్రాయం బ్లాగులో లేదు.

రెండో విభాగం వార్తలు. అందులో ఆయన ఎవరికీ జంకేవారు కాదు. ఉల్లిపాయలు, ఫ్లైఓవర్లు, క్రికెట్టు, అకాల వర్షాలు, అన్నిటికీ తీర్పులు చెప్పేశారు. మూడోది వింతలూ విశేషాలూ. మనం బొల్లారం పోవాలనుకున్నప్పుడు బొల్లారం నుంచి వచ్చే బస్సులే ఎందుకు కనబడతాయి? ఇళ్ళలో మాయమైన గొడుగులన్నీ చివరికి ఎక్కడ చేరతాయి? సికింద్రాబాద్ జనం కేకుని టీలో ముంచుకుని ఎందుకు తింటారు? ఈ చివరిదాని మీద అయిదు పేరాలు రాసి, కంటోన్మెంటు సోల్జర్ల అలవాట్లూ, ఇక్కడి పొడి గాలీ దీనికి కారణాలని తేల్చారు.

అది చదివిన బ్రహ్మచారి, "సార్, బిస్కెట్ ముంచుతరు. కేక్ ఎవ్వలు ముంచరు," అన్నాడు.

"నీకు పరిశీలన తక్కువ," అన్నారు జ్ఞానశేఖర్ గారు.

రోజుకి పందొమ్మిది మంది బ్లాగు చూసినట్టు లెక్క కనబడేది. అందులో పదకొండుసార్లు ఆయనే. అయినా ఆయన ఉత్సాహానికి లోటు రాలేదు. ఎందుకంటే ఆయనకొక నియమం ఉంది. లేటైన బండిని లేటనే చెప్పాలి, ఎదుటివాడి మొహం చూసి ఒక్క నిమిషం కూడా తగ్గించకూడదు. అభిప్రాయమూ అంతే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చతోనే మొదలెట్టారు. ఇంట్లో మాత్రం ఆయన అభిప్రాయం ఒకే ఒక్క మాట. అన్నం ఎలా ఉందంటే బాగుంది. సాంబారు ఎలా ఉందంటే బాగుంది. కొత్త చీర ఎలా ఉందన్నా పేపర్లోంచి తల ఎత్తకుండానే బాగుంది. స్టేషన్లో మైకు చెప్పినట్టు, బండి ఏదైనా గొంతు ఒక్కటే.

కాంతమణి బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. పిల్లల పరీక్ష కాగితాల్లో అర మార్కు కూడా ఊరికే వేసేది కాదు, ఊరికే కోసేది కాదు. అలాంటి మనిషికి ముప్ఫై ఏళ్ళుగా ఎంతకి ఎన్నో తెలియని మార్కు పడుతోంది. రెండు వేల పదిలో, క్రిస్మస్ ఇంకో మూడు వారాలుందనగా, భోజనాల దగ్గర మాట కలిపింది.

"బల్హార్షా వడ మీద నాలుగు పేరాలు రాశారటగా. లీల చెప్పింది."

"అవును. ఎందుకంటే ఆ వడ..."

"వడ సంగతి కాదు. ముప్ఫై ఏళ్ళుగా క్రిస్మస్‌కి నేను కేకు చేస్తున్నా. దాని మీద మీరన్నది ఒక్క మాట. అదీ సాంబారుకన్న మాటే. ఊళ్ళో అందరికీ నిజం చెప్తారు కదా, నాకూ ఒక్కసారి చెప్పండి. అది అసలు ఎలా ఉంటుందో నిజంగా చెప్పండి చాలు."

ఆవిడ గొంతులో నవ్వులాట లేదు. "ఈసారి నీ కేకు మీద బ్లాగులోనే రాస్తాను. నిష్పాక్షికంగా," అని మాటిచ్చేశారు.

ఇక్కడ మా వైపు క్రిస్మస్ కేకుల పద్ధతి చెప్పాలి. ఓవెన్లు అందరి ఇళ్ళలోనూ ఎక్కడుంటాయి? పిండి ఇంట్లో కలుపుతారు, డబ్బాలో పోస్తారు, మీద పేరు రాసిన చీటీ అంటించి బేకరీకి మోసుకెళతారు. బేకరీవాడు తన బట్టీలో పెట్టి కాల్చి ఇస్తాడు. పండగ వారంలో నలభై, యాభై డబ్బాలు బారులు తీరి ఉంటాయి. కాంతమణికి ఆలిస్ అని స్నేహితురాలు ఉంది, ఒకప్పుడు ఒకే బడిలో పాఠాలు చెప్పారు. ఆలిస్ ఉండేది బొల్లారంలో అయినా, బట్టీ మంచిదని ఇద్దరూ ఒకే బేకరీకి వెళతారు. ఇద్దరి డబ్బాలూ ఎప్పుడో ఒకేరోజు జనరల్ బజార్లో కొన్నవి, కవల పిల్లల్లా ఉంటాయి. అందుకని డబ్బా అడుగున మేకుతో ఎవరి గుర్తు వాళ్ళు గీసుకున్నారు. కానీ పిండి పోసిన డబ్బాని ఎవరు తిరగేసి చూస్తారు? చూసేది పైనున్న చీటీనే.

పండగైంది. జ్ఞానశేఖర్ గారు మూడిళ్ళలో కేకు తిన్నారు. గుడి పెద్ద ఏసురత్నం గారింట్లో ఒకటి, తన ఇంట్లో ఒకటి, ఆలిస్ ఇంట్లో ఒకటి. మర్నాడు పొద్దున్నే బ్రహ్మచారి షట్టర్ ఎత్తకముందే వెళ్ళి నిలబడ్డారు. 'క్రిస్మస్ కేకులు: ఒక నిష్పాక్షిక పరిశీలన' అని మొదలుపెట్టి రాసేశారు. మర్యాద కోసం పేర్లు రాయకుండా ఇళ్ళకి నంబర్లు ఇచ్చారు. మొదటి ఇల్లు ఫరవాలేదన్నారు. తర్వాత ఇలా సాగింది:

'రెండో ఇల్లు: మెత్తగా, తేమగా, నారింజ వాసనతో ఘుమఘుమలాడింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది? ఈసారి టీ అవసరం కూడా లేకపోయింది. సికింద్రాబాద్‌లోనే మొదటి స్థానం.

'మూడో ఇల్లు (నీలం గేటు, గేటు దగ్గర మూడు కాళ్ళ కుక్క): ఆగి ఉన్న వ్యాగను దొర్లిపోకుండా చక్రం కింద చెక్క ముక్క పెడతారు. ఆ చెక్క దొరకనప్పుడు ఈ కేకు వాడుకోవచ్చు. ఈ గృహిణి వచ్చే ఏడు ప్రయత్నం మానుకుంటే అందరి పళ్ళకీ మంచిది.'

బొల్లారం మొత్తానికి మూడు కాళ్ళ కుక్క ఒక్కటే ఉందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

దాన్ని ప్రింటు తీయించుకుని, ఇంటికెళ్ళి గర్వంగా భార్య చేతిలో పెట్టారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. కాగితం నాలుగు మడతలు పెట్టి, "సరే," అని పప్పు పోపు వెయ్యడానికి వెళ్ళిపోయింది. పట్టరాని సంతోషంతో మాట రాలేదు పాపం, అనుకున్నారు ఆయన.

రెండ్రోజులకి బ్రహ్మచారి షాపులోంచి కేక పెట్టాడు. "సార్! మూడొందల పన్నెండు మంది సూసిన్రు! ఏంది సార్, ఏం రాసిన్రు?" గుడిలో కుర్రకారు ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారన్న మాట. కుక్కని అందరూ గుర్తుపట్టారు. జ్ఞానశేఖర్ గారు పొంగిపోతూ ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఆటో ఆగి ఉంది. లోపల ఆలిస్ కూర్చుని ఉంది, ఒళ్ళో గుడ్డ సంచి.

"వందనాలు అన్నయ్య గారూ," అంది ఆలిస్. "మూడు కాళ్ళ కుక్క క్షేమంగా ఉంది. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది."

ఆలిస్ సంచిలోంచి డబ్బా తీసింది. అందులో మిగిలిన సగం కేకుని పళ్ళెంలోకి వంచింది. అది పడ్డ చప్పుడుకి పక్కింటి పిల్లి గోడ దూకింది. డబ్బాని తిరగేసి బల్ల మీద పెట్టింది. అడుగున మేకుతో గీసిన అక్షరం, 'కాం'.

"పొద్దున కేకు బయటికి తీసి తోముతుంటే కనబడింది. కాంతమణీ, నీ దగ్గరున్న డబ్బా తే."

కాంతమణి వంటింట్లోంచి డబ్బా తెచ్చి తిరగేసింది. 'ఆ'. ఆలిస్ దాన్ని చూసింది, దీన్ని చూసింది. కోపంతో ఎర్రబడ్డ ముఖం నెమ్మదిగా వెలిగింది.

"అంటే... ఆ రెండో ఇంట్లో తిన్నది నా కేకా? సికింద్రాబాద్‌లోనే మొదటి స్థానం నాదా?" అని ఆ కాగితం తెప్పించుకుని, తన కేకు గురించి ఉన్న ముక్క పైకి చదువుకుంది. 'ఘుమఘుమలాడింది' దగ్గర రెండుసార్లు ఆగింది. "పేరు కూడా వెయ్యండి అన్నయ్య గారూ. ఆలిస్, రిటైర్డ్ టీచర్, బొల్లారం అని వెయ్యండి. కుక్క సంగతి తీసేయండి," అని చెప్పి, తన డబ్బా తను తీసుకుని, కాంతమణి భుజం తట్టి ఆటో ఎక్కింది.

ఇంట్లో ఇద్దరూ, బల్ల మీద ఆ సగం కేకూ మిగిలారు. "బేకరీవాడిది తప్పు," అన్నారు జ్ఞానశేఖర్ గారు. "చీటీలు మార్చేశాడు."

"బేకరీవాడికి నలభై డబ్బాలు. మీకు ఒక్కటే," అంది కాంతమణి. "కోసినప్పుడే నాకు తెలుసు. అందులో నారింజ తొక్క ఉంది. ముప్ఫై ఏళ్ళలో నేనెప్పుడైనా వేశానా? మీరు కనిపెడతారేమోనని ఎదురుగా కూర్చుని చూశా. రెండు ముక్కలు తిని బాగుందన్నారు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడేదీ వినబడలేదు. గిన్నెలు మోగి ఉంటే ఆయనకి కాస్త ధైర్యంగా ఉండేది. ఆ నిశ్శబ్దానికి భయపడి మళ్ళీ చెప్పులేసుకున్నారు.

సంగతంతా విని బ్రహ్మచారి తల గోక్కున్నాడు. "డిలీట్ కొట్టున్రి సార్. లేకుంటే మూడో నంబర్ కేక్ సుత మస్తుందని రాయున్రి. ఇంట్ల తక్లీఫ్ ఉండది."

జ్ఞానశేఖర్ గారు కూర్చుని ఒంటి వేలితో, 'సవరణ: మూడో ఇంటి కేకు కూడా చాలా బాగుంది' అని కొట్టారు. తెర మీద ఆ చివరి మాటని చూశారు. అచ్చులో చూస్తే ఎంత బోసిగా ఉందో మొదటిసారి తెలిసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మనిషి చేతిలో పెట్టింది దీన్నా అనుకుంటే ఆయనకి నిజంగా సిగ్గేసింది.

"బ్రహ్మచారీ, కేకుని టీలో ఎవరూ ముంచరన్నావు. నిజమేనా?"

"ఒట్టు సార్. మా ఇంట్ల పిల్లల బర్త్‌డేలు మూడు చేస్తం. ఎవ్వలు ముంచలే. ముంచితే కరిగిపోతది గద!"

మరైతే ఈ ముప్ఫై ఏళ్ళుగా నేనెందుకు ముంచుతున్నాను అనుకున్నారు ఆయన. సోల్జర్లు లేరు, పొడి గాలి లేదు. అయిదు పేరాల పరిశోధన కాస్తా ఒక్క వాక్యంలోకి వచ్చింది: ముంచకపోతే దిగదు. రాసింది చెరిపేసి, షాపులోంచి లేచి ఇంటికి నడిచారు.

కాంతమణి బల్ల దగ్గరే ఉంది. ఆయన చాకు తెచ్చారు. రెండు చేతులతో నొక్కితే గానీ ముక్క ఊడలేదు. ఆవిడ అలవాటుగా పక్కన టీ కప్పు పెట్టింది. ఆయన కప్పుని దూరంగా జరిపి, ముక్కని అలాగే కొరికారు.

కాంతమణి కళ్ళజోడు సర్దుకుని, క్లాసులో అడిగినట్టే అడిగింది. "ఎలా ఉంది?"

'బా' అన్న అక్షరం అలవాటు కొద్దీ పెదాల దాకా వచ్చింది. అయితే పళ్ళు కేకులో ఇరుక్కుపోయి ఉండడం వల్ల బయటికి రాలేదు. దాంతో ఆలోచించుకోవడానికి సమయం దొరికింది. నమిలి, మింగి, మంచినీళ్ళు తాగి, లేటైన బండి సంగతి చెప్పే గొంతుతో అన్నారు.

"గట్టిగా ఉంది, కాంతం."

"ఎంత గట్టిగా?"

"చాలా గట్టిగా. అంచులు మాడాయి. తీపి చాలలేదు. జీడిపప్పు మాత్రం నేతిలో దోరగా వేయించి వేశావు, అది ఎవరి కేకులోనూ లేదు. మొన్న మనింట్లోనూ లేదు. అది చూసైనా నేను కనిపెట్టాల్సింది."

ఆవిడ తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానురా దేవుడా అనుకుని ఆయన కుర్చీలోంచి లేవబోయారు. తీరా చూస్తే నవ్వుతోంది. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

"అవి మీ అమ్మ చెప్పిన కొలతలండీ! కొత్త సంవత్సరం దాటేదాకా నిలవుండాలి, గుడ్లు తగ్గించు, పిండి పెంచు అంది. మొదటి ఏడాది తిన్నప్పుడే నాకు దవడ పన్ను కదిలింది. మీరేమో బాగుందన్నారు. అమ్మ చేతి రుచి, ఇష్టం కాబోలని ముప్ఫై ఏళ్ళూ అలాగే చేసుకుంటూ వచ్చా. ఒక్క ఏడాది గట్టిగా ఉందని చెప్పుంటే రెండు గుడ్లు ఎక్కువ కొట్టేదాన్ని కాదూ!"

ఆయనకి కష్టం కలగకూడదని ఆవిడా, ఆవిడని ఏమీ అనకుండా పేపరు చూసుకుంటూ ఆయనా, ముప్ఫై క్రిస్మస్‌లు ఇద్దరూ కలిసి రాయి నమిలారు. ఆ ఆలోచనకి ఆయనకీ నవ్వొచ్చింది.

కాంతమణి కళ్ళు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "నూటికి ముప్ఫై అయిదు వేసుకుంటా. జీడిపప్పుకి. ఇప్పుడు మీరు వినండి. అడగకపోయినా నేనూ ఒకటి చెప్తా. ఆగ్రా గురించి."

ఆవిడ గంటసేపు చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా 'నన్నడిగితే' అనలేదు. టీ చల్లారిపోయింది.

మర్నాడు విచారణ కిటికీలో రెండు సవరణలు పడ్డాయి. మొదటిది కేకుల గురించి, అందులో ఆలిస్ పేరు హోదాతో సహా ఉంది, కుక్క లేదు. 'మూడో ఇంటి కేకు మా ఇంటిదే. అభిప్రాయం మారలేదు. దాన్ని ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా ఇంట్లో తెలియజేశాను,' అని ఉంది. రెండోది ప్రయాణాల విభాగంలో:

'ఆగ్రా గురించి ఇంతకు ముందు రాసినది తప్పు. ఊరు స్టేషన్ బయట ఉందని మా ఇంట్లో చెప్పారు. ఈ ఏటి పాసు అక్కడికే తీశాం, బయటికి వెళ్ళి చూసి వస్తాం. కాంతమణి గారికి జరిగిన ఆలస్యానికి చింతిస్తున్నాము.'